జూన్ నుంచి దసరా దాకా మూడో తరగతి

(సమాఖ్య వార్షిక మహాసభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళ లెక్కలన్నీ ఇప్పటిదాకా విన్నారు. మేం చెప్పబోయేది కూడా ఒక లెక్కే. పోయిన ఏడు జూన్ 12న బడులు తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా మేం వారానికోసారి ఒక ప్రాథమిక పాఠశాలకు పోయి, మూడో తరగతి పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో, ఏం చేస్తున్నారో కూర్చుని చూశాం. ఆ ఊరు నడిగడ్డలో ఉంది. బడి పేరు, పిల్లల పేర్లు చెప్పం. అక్కడ చూసింది మన మూడు జిల్లాల్లో ఏ ఊరి బడిలోనైనా కనబడేదే.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినప్పుడు గ్రామ సంఘం అధ్యక్షురాలినే కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. తాగునీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతులు చూడమని మనకు అప్పగించారు. చూస్తున్నాం. పిల్లల యూనిఫారాలు మన అక్కలే కుడుతున్నారు. మధ్యాహ్న భోజనం చాలా బడుల్లో మన అక్కలే వండుతున్నారు. బడి గోడ మనదే, బట్ట మనదే, అన్నం మనదే అయినప్పుడు లోపల పలక మీద ఏం రాస్తున్నారో కూడా చూద్దామని ఉపసంఘంలో అనుకున్నాం.

మూడో తరగతినే ఎందుకు చూశాం

ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలకు అక్షరాలు, గుణింతాలు, చిన్న అంకెలు చెబుతారు. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం అని ఒక కొత్త పుస్తకం చేతికి వస్తుంది. అప్పటిదాకా చదవడం నేర్చుకున్న పిల్ల ఇక మీద చదివి నేర్చుకోవాలి. చదవడమే రాకపోతే ఆ పుస్తకం అర్థం కాదు. నాలుగో తరగతీ అర్థం కాదు, ఐదూ అర్థం కాదు. అందుకే కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ గానీ, మన రాష్ట్రం 2022 ఆగస్టులో మొదలుపెట్టిన తొలిమెట్టు గానీ ఈ చిన్న తరగతుల మీదనే దృష్టి పెట్టాయి.

2025 జనవరిలో అసర్ 2024 నివేదిక వచ్చింది. దేశమంతా పల్లెల్లో ఇళ్ళకు పోయి పిల్లల చేత చదివించి, లెక్కలు చేయించి చూసి రాసే నివేదిక అది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు దేశం మొత్తం మీద 27 శాతం. నలుగురిలో ఒకరికి కొంచెం ఎక్కువ. తీసివేత చేయగలిగినవాళ్ళు ముగ్గురిలో ఒకరు. ఇది దేశం సంగతి. మన సంగతి మనకు తెలుసు. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో అక్షరాస్యత 66 శాతం దాకా ఉంటే, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా కిందికి వచ్చే మండలాల్లో సగం మందికి కూడా చదువు లేదు. అందులోనూ ఆడవాళ్ళం ఇంకా వెనక.

తరగతిలో ఏం జరిగింది

మేం చూసిన తరగతిలో ఇరవై మందికి లోపే పిల్లలు. ఐదు తరగతులకు టీచర్లు ఇద్దరు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరే. కాబట్టి మూడో తరగతి టీచర్ అదే గదిలో ఇంకో తరగతిని కూడా చూసుకుంటారు. ఒక పక్క వాళ్ళు పద్యం అప్పజెబుతుంటే ఇంకో పక్క వీళ్ళు లెక్క చేస్తుంటారు. మనం పొయ్యి మీద కూర పెట్టి, పక్కనే రొట్టె చేస్తూ, చంటిపిల్లను ఊపుతుంటాం గదా, అట్లా.

మొదటి వారంలో టీచర్ కొత్త పాఠం మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి రాసుకున్నారు. కొందరు కథ చదివారు. కొందరికి పదాలు వచ్చు, వాక్యం రాదు. కొందరికి గుణింతంలోనే తడబాటు. దాన్నిబట్టి మూడు గుంపులు చేశారు. ఏ గుంపుకు ఆ గుంపు పని.

తెలుగులో జూలై అంతా ఒత్తుల మీద గడిచింది. అప్పుడు మాకు ఒక సంగతి తెలిసింది. టీచర్ బోర్డు మీద మూడు పేర్లు రాశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. గద్వాలలో 'ద' కింద 'వ' ఒత్తు. వనపర్తిలో 'ర' కింద 'త' ఒత్తు. నాగర్‌కర్నూల్‌లో 'ర' కింద 'న' ఒత్తు. ఒత్తులు రాని పిల్ల మన మూడు జిల్లాల పేర్లలో ఒక్కటి కూడా చదవలేదు. బస్టాండులో నిలబడి బస్సు బోర్డు చూసి ఎక్కలేదు. 'పత్తి' అనే మాట చదవాలన్నా ఒత్తు కావాల్సిందే. నెలాఖరుకు తరగతిలో ఎక్కువ మంది మూడు పేర్లూ చదివారు, పలక మీద రాశారు కూడా.

లెక్కల్లో టీచర్ చీపురు పుల్లలు తెప్పించారు. పది పుల్లలు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. పది కట్టలు కలిపితే ఒక పెద్ద కట్ట. అవే ఒకట్లు, పదులు, వందలు. నూట ఏడు అంటే ఒక పెద్ద కట్ట, విడిగా ఏడు పుల్లలు. మధ్యలో పదుల కట్ట లేదు. లేదని చెప్పడానికి అక్కడ సున్నా పెట్టాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకు ఎక్కడానికి రెండు వారాలు పట్టింది. మన పొదుపు పుస్తకంలో సున్నా ఒక గడి అటు ఇటు అయితే ఎంత గొడవ అయితదో మనకు తెలుసు. పిల్లలకైనా అంతే.

ఆ తర్వాత తీసివేత. దానికోసం అంగడి ఆట పెట్టారు. పిల్లలు ఇళ్ళ నుంచి ఖాళీ సబ్బు డబ్బాలు, బిస్కెట్ కాగితాలు, చింతపండు ఉండలు తెచ్చి దుకాణం పరిచారు. కాగితం నోట్లు కత్తిరించుకున్నారు. 32 రూపాయల సరుకు కొని 50 నోటు ఇస్తే చిల్లర ఎంత? సున్నాలోంచి రెండు పోదు. అప్పుడు ఒక పదుల కట్ట విప్పాలి. పుల్లల కట్ట విప్పుకుని లెక్కబెట్టి 18 అన్నాడు ఒక పిల్లగాడు. దుకాణంలో కూర్చున్న పిల్ల ఒప్పుకోలేదు. మళ్ళీ లెక్కబెట్టి చూసుకున్నాకనే చిల్లర ఇచ్చింది. ఆమె రేపు ఏ సంఘానికైనా కోశాధికారి కాదగిన పిల్ల.

పరిసరాల విజ్ఞానంలో నీళ్ళ పాఠం వచ్చింది. పుస్తకం మూసి, ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రమ్మన్నారు. నల్లా రాకముందు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు? మరునాడు పిల్లలు బావి పేర్లు, వాగులో తీసిన చెలిమల సంగతులు, బిందె మీద బిందె పెట్టుకుని నడిచిన దూరాలు మోసుకొచ్చారు. మనలో చాలామందికి అక్షరం రాకపోవచ్చు. పిల్ల చదువులో మన పాలు మనకుందని ఆ రోజు కళ్ళారా చూశాం.

ఇంకొక విషయం కూడా గమనించాం. పుస్తకంలో వేరుశనగ అని ఉంటే పిల్లలు తెల్లమొహం వేశారు. 'బుడ్డలు' అనగానే అందరి మొహాలు వెలిగాయి. సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. తండాల్లో లంబాడీ మాట. అమ్రాబాద్ వైపు చెంచు పిల్లల పలుకు వేరు. ఇంటి మాటను తక్కువ చేయకుండా, దాని మీంచి పుస్తకం మాటకు దాటించే టీచర్ దొరికితే ఆ పిల్లకు సగం భయం పోతది. 2022 నుంచి మన బడుల్లో పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. "సర్కారు బడిలో ఇంగ్లీషు ఏడుంటది" అని ప్రైవేటు బడి వ్యాను ఎక్కించే తల్లులు ఒకసారి ఆ పుస్తకం తెరిచి చూడాలి. తెలుగు పేజీ చదవగలిగిన పిల్లే ఎదురు పేజీని అందుకుంటోంది. తెలుగు రాని పిల్లకు రెండు పేజీలూ బరువే.

చదువు ఒక్కటే కాదు. ఆగస్టు 15కు పిల్లలు జెండా పాటలు నేర్చుకున్నారు. వానాకాలంలో బడి ఆవరణలో మొక్కలు నాటి, ఎవరి మొక్కకు వాళ్ళు నీళ్ళు పోసుకున్నారు. సెప్టెంబర్ 5న ఐదో తరగతి పిల్లలు టీచర్లయి మూడో తరగతికి పాఠం చెప్పారు. చీర కట్టుకున్న ఒక చిన్న టీచరమ్మ "అల్లరి చేస్తే గుడ్డు ఇయ్య" అని బెదిరిస్తే తరగతంతా నవ్వింది. సెలవులకు ముందు రోజు బతుకమ్మ పేర్చారు. తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చి, పదేసి లెక్కన వేరు చేసి, వరుస మార్చి వరుస పేర్చి, పూల పేర్లు కాగితం మీద రాసి అతికించారు. మగపిల్లలు కూడా కూర్చుని పేర్చారు. అది పండగ, అదే లెక్కల పాఠం, అదే తెలుగు పాఠం.

ఆగస్టులో వరుసలు పలుచబడ్డాయి

ఇప్పటిదాకా చెప్పింది బడిలో ఉన్న పిల్లల సంగతి. ఇక లేని పిల్లల సంగతి.

ఆగస్టు రెండో వారం దాటాక తరగతిలో వరుసలు పలుచబడ్డాయి. మొదట ఇద్దరు, తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. ఎక్కువ మంది ఆడపిల్లలే. ఎక్కడికి పోయారని నడిగడ్డ అక్కలు అడగరు. సీడ్ పత్తి క్రాసింగ్‌కు పోయారు.

వేరే వైపు నుంచి వచ్చిన అక్కల కోసం చెబుతున్నాం. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతట అది కాదు. ఆడ మొక్క మీది మొగ్గను సాయంత్రం చేత్తో విప్పి లోపలి కేసరాలు తీసెయ్యాలి. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి దీనికి అంటించాలి. పత్తి పువ్వు ఒక్క రోజే తెల్లగా ఉంటది, రెండో రోజుకు ఎర్రబడతది. ఆలస్యమైతే ఆ పువ్వు పోయినట్టే. అందుకే ఆ పనికి ఆదివారం లేదు, పండగ లేదు. బడి గంట కొట్టే వేళకు ఒక పని, బడి విడిచే వేళకు ఇంకో పని. పొద్దూ సాయంత్రం రెండూ అదే తీసుకుంటే మధ్యలో బడికి మిగిలేది ఏముంది?

పిల్లల వేళ్ళు చిన్నవి, పువ్వు నలగదు అంటారు. అసలు సంగతి పిల్లల కూలి తక్కువ, పిల్లలు ఎదురు మాట్లాడరు. పెద్దవాళ్ళ వేళ్ళతో కూడా క్రాసింగ్ అయితదని, చేస్తున్న అక్కలే ఇక్కడ కూర్చుని ఉన్నారు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కారణం వేరు కావచ్చు, ఖాళీ అయ్యే వరుస ఒక్కటే. దసరా, దీపావళి దాటాక తల్లిదండ్రులు హైదరాబాద్, పుణె, ముంబై బాట పడితే పిల్లలు వెంట పోతారు. పత్తి తీతకు, చంటి తమ్ముడిని ఎత్తుకోవడానికి ఆడపిల్లను ఇంట్లో ఉంచుతారు. నల్లమలలో పెంటల మీది చెంచు పిల్లలకు బడే దూరం.

మా తరగతిలో ఒక పాప ఆగస్టులో పోయి దసరా సెలవులయ్యాక తిరిగి వచ్చింది. తెలివిగల పిల్ల. పత్తి పువ్వు గురించి మేం అడిగితే పెద్ద సార్లు చెప్పినట్టు చెప్పింది. ఏ భాగం తీయాలి, ఏది తెగితే కాయ పట్టదు, మబ్బు పడితే పుప్పొడి ఎట్లా ఉంటది, అన్నీ తెలుసు. నోటితో లెక్క కూడా చకచకా చేస్తది. టీచర్ నూట ఏడు రాయమన్నారు. పాప 1007 అని రాసింది. నూరు రాసింది, పక్కన ఏడు రాసింది. ఆమె వినికిడి ప్రకారం అది సరైనదే. పుల్లల కట్టల పాఠం జూలై చివర్లో సగమయింది, ఆగస్టులో పూర్తయింది. ఆ పూర్తయిన సగం నాడు పాప చేనులో ఉంది.

పక్కన పిల్లలు అప్పటికి మూడంకెల తీసివేతలు చేస్తున్నారు. పాప పలక ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. మూడు రోజులు వచ్చి నాలుగో రోజు రాలేదు. ఇంటికి పోతే వాళ్ళమ్మ అన్నది: "దానికి సదువు ఎక్కుతలేదక్కా. పనికైతే మస్తు చురుకు." చదువు ఎక్కని పిల్లలంటూ ఉండరు అక్కలారా. ఎక్కాల్సిన మెట్టు దగ్గర లేని పిల్లలుంటారు. టీచర్ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పాపను, ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి మళ్ళీ పుల్లలు కట్టించారు. మన వీవోఏ రోజూ పోయి పిలుచుకొచ్చింది. సంక్రాంతి నాటికి పాప నూట ఏడు సరిగ్గా రాసింది. తీసివేత ఇంకా తడబడుతోంది. ఇప్పటికీ తరగతి కంటే వెనకే ఉంది. బడిలో మాత్రం ఉంది.

పావు భాగం లెక్క

చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి 200 రోజులు నడవాలి, 800 గంటలు చదువు చెప్పాలి. క్రాసింగ్‌కు రెండు నెలలు పోతే ఆదివారాలు, సెలవులు తీసేసినా 50 రోజుల దాకా బడి పోతుంది. అంటే 200 గంటలు. ఏడాదిలో పావు భాగం.

దీన్ని మన సంఘం లెక్కలో చూడండి. ఒక సభ్యురాలు పన్నెండు నెలల పొదుపులో మూడు నెలలు కట్టలేదనుకోండి. నాలుగో నెల జరిమానాతో సహా ఒక్కసారి కట్టేస్తే పుస్తకం సరిపోతది. చదువు బాకీకి ఆ సౌకర్యం లేదు. పిల్ల రాని రోజున చెప్పిన పాఠం మీద మరునాటి పాఠం కడతారు. దాని మీద ఇంకోటి. తిరిగొచ్చిన పిల్ల కింది వరుస లేకుండా పై వరుస పెట్టాలి. నిలవదు.

ఇక్కడ ఇంకో పొరపాటు అభిప్రాయం మన ఇళ్ళల్లో ఉంది. "మా పిల్ల పాసైంది గదా" అంటారు. చిన్న తరగతుల్లో పిల్లల్ని ఫెయిల్ చేసి వెనక ఉంచరు. అది మంచిదే, ఫెయిల్ చేస్తే చిన్న పిల్లలు బడే మానేస్తారు. అయితే నాలుగో తరగతిలో పేరు పడినంత మాత్రాన మూడో తరగతి చదువు వచ్చినట్టు కాదు. సంఘం పుస్తకంలో పేరుంటే పొదుపు కట్టినట్టు అవుతదా?

తల్లుల మీద నెపం వేయడానికి ఇదంతా చెప్పడం లేదు. విత్తన పత్తికి పెట్టుబడి ఆర్గనైజర్ దగ్గర ముందే తెచ్చుకుంటారు. పంట అతనికే ఇయ్యాలి, లెక్క ఎప్పుడో తేలుతది, మిత్తి మాత్రం రోజూ నడుస్తది. పెద్ద కూలీలను పెట్టుకుంటే చేతిలో ఏం మిగలదు. అప్పుడు తల్లి చూపు ఇంట్లో పిల్ల మీద పడుతది. కాబట్టి "పిల్లను బడికి పంపు" అని నోటితో చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ రెండు నెలలు ఆ ఇంటికి కూలి డబ్బు ఎట్లా సర్దాలో మనం ఆలోచించాలి. సంఘం పుట్టిందే అందుకు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత ఇంటి పనిలో సాయం చేయొచ్చు, అదీ బడి అయ్యాకనో సెలవుల్లోనో. పనిలో పెట్టుకున్నవాళ్ళకు ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లల కోసం 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. బాల కార్మికుల మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు ఒక సూత్రం పెట్టుకున్నారు. బడిలో లేని ప్రతి పిల్లనూ పనిలో ఉన్న పిల్లగానే లెక్కగడతారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మనం కూడా ఆ లెక్కే పెట్టుకుంటే, "చేనుకు పోలేదు, ఇంట్లోనే ఉంది" అనే మాట దగ్గర ఆగిపోం.

ఈ నేల మీద చదువు ఎవరూ ఊరికే ఇయ్యలేదు. నిజాం కాలంలో తెలుగు బడి కోసం అడగాల్సి వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే దానికి అధ్యక్షత వహించింది మన గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారు. అక్కడే మహిళా సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన. మొన్న 2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మన ఊరు - మన బడి కార్యక్రమం మొదలుపెట్టింది కూడా మన వనపర్తిలోనే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షర దీపం తరగతులకు పోయిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ జిల్లాలోనే పొదుపు సంఘాలు పెద్ద ఎత్తున లేచాయి. అక్షరం, సంఘం ఎప్పుడూ జంటగానే నడిచాయి.

చదువు రాని తల్లి ఎట్లా చూడాలి

"మాకు అక్షరం రాదు, పిల్లకు వచ్చిందో రాలేదో మాకెట్లా తెలుస్తది?" అని చాలామంది అడిగారు. టీచర్లతో మాట్లాడి ఐదు పనులు రాసుకొచ్చాం. వీటికి చదువు అవసరం లేదు.

ఒకటి, పిల్లను పుస్తకంలో తెలియని పేజీ తీసి చదవమనండి. పాత పాఠమైతే కంఠస్థం చెప్పేస్తది. వేలు పెట్టి, ఆగకుండా, మాట్లాడినట్టు చదువుతుందా చూడండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే ఇంకా పని ఉంది.

రెండు, చదివినాక అందులో ఏముందో మీ ఇంటి మాటలో చెప్పమనండి. చదివి చెప్పలేకపోతే చదివింది అర్థం కాలేదు.

మూడు, బస్టాండుకు తీసుకుపోయినప్పుడు బస్సు బోర్డు చదవమనండి. గద్వాల అని ఉందా, వనపర్తి అని ఉందా. బస్సు కదిలితే కండక్టరే చెబుతాడు తప్పో ఒప్పో.

నాలుగు, అంగడిలో చిల్లర లెక్క పిల్లకు ఒప్పజెప్పండి. నోటు మీరు ఇవ్వండి, చిల్లర ఎంత రావాలో ముందే పిల్ల చెప్పాలి.

ఐదు, నోట్‌బుక్ తెరిచి తేదీల వరుస చూడండి. అంకెలు మనకు సంఘం పుస్తకంలో అలవాటే. వరుసగా వారం రోజులు ఖాళీ కనబడితే పిల్ల బడికి పోలేదో, పోయినా రాయలేదో. మరునాడు టీచర్‌ను అడగండి. బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి కూలి పోయినా సరే ఒక పూట పోండి.

సమాఖ్య ముందు పెడుతున్న తీర్మానాలు

ఉపసంఘం తరఫున ఐదు తీర్మానాలు ప్రతిపాదిస్తున్నాం. మీరు చర్చించి, నచ్చినట్టు మార్చి ఒప్పుకోవాలని కోరుతున్నాం.

మొదటిది. జూలై చివరి సమావేశం నుంచి ప్రతి సంఘం సమావేశంలో పొదుపు, అప్పు వసూళ్ళ తర్వాత మూడో అంశంగా బడి హాజరు రాయాలి. ఏ సభ్యురాలి పిల్ల ఈ వారం బడికి పోలేదు, ఎందుకు. తీర్మానం పుస్తకంలో రాస్తేనే అది లెక్కలోకి వస్తది.

రెండోది. క్రాసింగ్ నెలల్లో పెద్ద కూలీలను పెట్టుకోవడానికి గ్రామ సంఘం నిధి నుంచి స్వల్పకాలిక అప్పు ఇవ్వాలి. పంట డబ్బు వచ్చినాక తిరిగి కట్టాలి. షరతు ఒక్కటే, ఆ ఇంటి పిల్ల బడిలో ఉండాలి.

మూడోది. వలసపోయే సభ్యులు పోకముందే సంఘానికి చెప్పాలి. పిల్లను అవ్వ దగ్గరో, సంఘంలో ఇంకో అక్క దగ్గరో, సీజనల్ హాస్టల్ ఉన్నచోట హాస్టల్‌లోనో ఉంచే ఏర్పాటు సంఘం చూడాలి. తప్పనిసరై తీసుకుపోతే, అక్కడి బడిలో చేర్చడానికి టీచర్ దగ్గర కాగితం తీసుకుని పంపాలి.

నాలుగోది. దసరా తర్వాత వెనకబడిన పిల్లలకు రోజూ సాయంత్రం ఒక గంట గ్రామ సంఘం భవనంలోనో, బడి వరండాలోనో చదివించాలి. ఇంటర్, డిగ్రీ చదివిన మన ఆడపిల్లలు ఊరూరా ఉన్నారు. టీచర్‌ను అడిగి ఏం చెప్పాలో తెలుసుకుని వాళ్ళు చెబుతారు. చీపురు పుల్లలకు ఖర్చు లేదు.

ఐదోది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న గ్రామ సంఘం అధ్యక్షురాలు నెలకోసారి తరగతి గదిలో ఒక గంట కూర్చోవాలి. తప్పులు పట్టడానికి కూర్చోవద్దు. టీచర్‌కు ఏం తక్కువైందో, పిల్లలు ఎవరు రావడం లేదో తెలుసుకుని వచ్చి సంఘంలో చెప్పాలి. టీచర్ల కొరత ఉంటే మండల విద్యాధికారికి సమాఖ్య లెటర్ హెడ్ మీద రాయాలి. ఒక్క తల్లి నోటితో అడిగిన దానికంటే సమాఖ్య ముద్రతో పోయిన కాగితానికి జవాబు తొందరగా వస్తది.

సంఘం మొదలైన కొత్తలో మనలో ఎంతమంది వేలిముద్ర వేశారో, ఇప్పుడు ఎంతమంది సంతకం చేస్తున్నారో పాత పుస్తకాలు తీసి చూస్తే తెలుస్తది. సంతకం దాకా మనం వచ్చాం. సంతకం చేసే కాగితంలో ఏముందో చదివేది మన బిడ్డలు. ఈ జూన్‌లో ఇంకో మూడో తరగతి మొదలవుతుంది. ఆగస్టులో మళ్ళీ పత్తి పూస్తుంది. ఈ రెండింటి మధ్య మనకు తయారు కావడానికి రెండు నెలల టైముంది. తీర్మానాల మీద మీ మాట చెప్పండి అక్కలారా, రాసుకోవడానికి పుస్తకం తెరిచే ఉంది.